సైన్యం గద్దెనెక్కిన మర్నాడు జనం ఏం చేస్తారు? ఏది పనిచేసింది, ఏది చేయలేదు

నల్లకుంట_రీడింగ్‌రూమ్
ఏ దేశంలో సైన్యం అధికారం లాక్కున్నా మన గ్రూపుల్లో రెండే మాటలు తిరుగుతాయి. "జనం రోడ్డెక్కితే ట్యాంకులు తోక ముడుస్తాయి" అని కొందరు, "జనమే దండలేసి స్వాగతం చెప్పారు, ఇంకెవరికి బాధ?" అని కొందరు. రెంటికీ ఉదాహరణలు దొరుకుతాయి కాబట్టి వాదన తెగదు. జనం స్పందన ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చేయలేదు, ఎందుకు అనేది ఒకచోట పెడదామని ఈ థ్రెడ్. ఊరు, తేదీ, ఏం ఆపారు, దానివల్ల ఏమైంది, ఇవి ఉంటేనే రాయండి. ఇక్కడి పార్టీల గొడవ దయచేసి తేవద్దు.

కోఠీ_పాతపుస్తకాలు
అయితే బెర్లిన్, 1920 నుంచి మొదలుపెట్టాలి. మార్చి 13న ఎర్హార్ట్ బ్రిగేడ్ అనే సాయుధ దళం ఊళ్లోకి దిగింది. వోల్ఫ్‌గాంగ్ కాప్ అనే పెద్దమనిషి తానే చాన్సలర్‌నని ప్రకటించుకున్నాడు. అసలు ప్రభుత్వం డ్రెస్డెన్‌కూ, అక్కణ్నుంచి స్టుట్‌గార్ట్‌కూ పారిపోయింది. సైన్యం పెద్దలేమో సాటి సైనికుల మీద తుపాకీ ఎత్తమని చేతులు కట్టుకు కూర్చున్నారు. అంటే ఆయుధం ఉన్నవాడెవడూ కాప్‌ని ఆపలేదు.

ఆపింది సమ్మె. కరెంటు, గ్యాసు, నీళ్లు, ట్రాములు, రైళ్లు ఆగాయి. అచ్చాఫీసులు కూడా ఆగడంతో తన ప్రకటనను జనానికి చేర్చడమే కాప్‌కి గగనమైంది. జర్మనీ కేంద్ర బ్యాంకు అయిన రైఖ్స్‌బ్యాంక్ డబ్బు విడుదల చేయలేదు. శాఖల్లో పై అధికారులు ఆయన ఆదేశాలు అందుకోలేదు, ఫైలు కదల్లేదు. 17కల్లా దిగిపోయాడు. ఊరేగింపు ఎంత పెద్దదన్నది ఇక్కడ లెక్కలోకే రాలేదు. సంతకం పెట్టాల్సినవాడు, స్విచ్ వేయాల్సినవాడు పనిలోకి రాలేదు, అంతే.

పాఠాల్లో కనపడని సంగతి ఒకటుంది. కొన్నాళ్లకే రూర్ ప్రాంతంలో కార్మికులు తిరగబడితే, కాప్‌ని ఆపడానికి రానన్న సైన్యం వాళ్లమీదికి మాత్రం ఆలస్యం లేకుండా వెళ్లింది.

బాలానగర్_ఫ్రీక్వెన్సీ
సమ్మెకు ముందు ఇంకో మెట్టుంది: సమాచారం. తిరుగుబాటుదారుడు మొదట రేడియో, టీవీ స్టేషన్లకు వెళ్లేది జనాన్ని భయపెట్టడానికి మాత్రమే కాదు, మిగతా రెజిమెంట్లకు "పని అయిపోయింది, మీరూ ఇటు రండి" అని చెప్పడానికి. ఆ మాటకు ఎదురుమాట బ్యారక్‌లోకి చేరిందా లేదా అన్నదే చూడాలి.

అల్జీరియా, ఏప్రిల్ 1961. నలుగురు ఫ్రెంచి జనరళ్లు అల్జీర్స్‌ని పట్టుకున్నారు. 23 రాత్రి ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్ రేడియోలో, టీవీలో మాట్లాడాడు. నిర్బంధ సేవకు వచ్చిన కుర్ర సైనికుల దగ్గర ట్రాన్సిస్టర్లు ఉండేవి. పై అధికారి చెప్పకముందే అధ్యక్షుడి మాట నేరుగా విన్నారు. ఆదేశాలు మొరాయించాయి, రెండ్రోజుల్లో కథ ముగిసింది.

మాస్కో, ఆగస్టు 19, 1991. కుట్రదారులు టీవీలో స్వాన్ లేక్ బ్యాలే వేశారుగానీ ఫోన్ లైన్లు కోయలేదు. ఆ సాయంత్రం ప్రభుత్వ టీవీ వార్తల్లోనే కుట్రను ఎదిరించి ట్యాంకెక్కిన రష్యా అధ్యక్షుడు యెల్సిన్ బొమ్మ వచ్చేసింది. నిషేధించిన పత్రికలు 11 కలిసి ఒకే ఉమ్మడి పత్రిక వేశాయి. ప్రెస్‌మీట్‌లో కుట్రదారుల పెద్ద యనాయెవ్ చేతులు వణకడం దేశమంతా చూసింది. ఆఖరికి కేజీబీ వారి ఆల్ఫా దళం పార్లమెంటు భవనం మీద దాడికి ఒప్పుకోలేదు. 20 అర్ధరాత్రి దాటాక ముగ్గురు చనిపోయారు, 21న అంతా కూలింది.

మెహదీపట్నం_లైన్
భాయ్, టర్కీని మరచిపోతే ఎలా? జులై 15, 2016 రాత్రి ఇస్తాంబుల్ బాస్ఫరస్ వంతెన మూశారు, ప్రభుత్వ టీవీ టీఆర్‌టీలో యాంకర్ చేత బలవంతంగా ప్రకటన చదివించారు. అధ్యక్షుడు ఎర్దోగాన్ సీఎన్ఎన్ తుర్క్ చానల్లో ఫోన్ వీడియో కాల్‌లో కనపడి జనాన్ని రోడ్లమీదికి రమ్మన్నాడు. మసీదుల మైకుల్లో వేళకాని వేళ సెలా అనే ప్రార్థన పిలుపు చదివారు. మున్సిపాలిటీ టిప్పర్లను తెచ్చి బ్యారక్‌ల గేట్లకు అడ్డం పెట్టారు. ఆ రాత్రి బాగా పనికొచ్చింది ఇదే. ట్యాంకు బయటికొచ్చాక దానికెదురు నిలబడితే ప్రాణం పోతుంది, గేటు దగ్గరే ఆపితే టైరుకు గాలి తీసినట్టే.

పార్లమెంటులో ఉన్న నాలుగు పార్టీలూ, ఎర్దోగాన్ అంటే పడనివాళ్లు సైతం, తిరుగుబాటు వద్దన్నాయి. 250 మంది దాకా చనిపోయారు. కానీ తర్వాతి లెక్క కూడా చెప్పుకోవాలి: జులై 20న పెట్టిన ఎమర్జెన్సీ రెండేళ్లు నడిచింది, లక్షకు పైగా ఉద్యోగులను తీసేశారు. ఆ రాత్రి రోడ్డుమీద నిలబడ్డ అందరూ కోరుకున్నది ఇదేనా అంటే నాకు నమ్మకం లేదు.

ఉప్పల్_ప్రశ్న
అన్నా, మీరు చెప్పినవన్నీ గెలిచినవే. మయన్మార్‌ల గింతకంటే ఎక్కువ చేసిన్రు కదా? డాక్టర్లు, రైల్వే, బ్యాంకులు అన్నీ బంద్ పెట్టిన్రు. మరి ఎందుకు పడలే?

సైనిక్‌పురి_మ్యాప్
అసలు ప్రశ్న ఇదే. కొంచెం ఓపిగ్గా చదవండి.

2020 నవంబరు ఎన్నికల్లో సూచీ పార్టీ 396 సీట్లు గెలిచింది, సైన్యం అండ ఉన్న పార్టీకి వచ్చినవి 33. కొత్త పార్లమెంటు కూర్చోవాల్సిన రోజే, ఫిబ్రవరి 1, 2021న, సేనాధిపతి మిన్ ఆంగ్ లైంగ్ అధికారం తీసుకున్నాడు. 2 రాత్రి 8 గంటలకు యాంగాన్‌లో గిన్నెలు, మూతలు మోగించారు. దయ్యాలను తరమడానికి అక్కడ ఇళ్లలో పాతకాలం నుంచి చేసే పని అది. ఒక్కరూ వీధిలోకి రానక్కర్లేదు, అరెస్టు చేయడానికి మొహం కనపడదు, పక్కింటివాడు ఎటువైపో చప్పుడుతోనే తెలిసిపోతుంది. మొదటి రాత్రికి అంతకన్నా తెలివైన పద్ధతి లేదు.

ఆ వెంటనే ప్రభుత్వ డాక్టర్లు ఎర్ర రిబ్బన్ పెట్టుకుని విధులు మానారు. దాని వెనక టీచర్లు, రైల్వే, బ్యాంకు ఉద్యోగులు. 17న యాంగాన్ కూడళ్లలో కార్లు "చెడిపోయాయి": బానెట్ ఎత్తి పక్కన నిలబడితే పోలీసు వ్యాన్లు కదల్లేవు, కేసు పెట్టడానికీ ఏం లేదు. 22న దేశమంతా సమ్మె. మార్చిలో వీధులకు అడ్డంగా తాళ్లు కట్టి ఆడవాళ్ల లుంగీలు ఆరేశారు. వాటి కింద నుంచి నడిస్తే మగతనం పోతుందని సైనికుల నమ్మకం. ముందు వాటిని విప్పుకుంటూ కూర్చుంటే లోపలివాళ్లకు తప్పించుకునే టైం దొరికేది. మార్చి 24న నిశ్శబ్ద సమ్మె, బజారంతా ఖాళీ. 27న, సైనిక దినోత్సవం రోజున, ఒక్క రోజే వందమందికి పైగా కాల్చి చంపారు.

ఇక ఎందుకు పడలేదు. మొదటిది, కాప్ వెనక ఉన్నది సైన్యంలో ఒక ముక్క. అంకారాలోనూ అంతే. మాస్కోలో రక్షణ మంత్రే కుట్రలో ఉన్నా కింది దళాలు చీలాయి. మయన్మార్‌లో దిగింది సేనాధిపతితో సహా మొత్తం సంస్థ. చీలడానికి రెండోవైపంటూ లేదు. రెండోది, సైనికుల కుటుంబాలు కంటోన్మెంటుల్లోనే ఉంటాయి. సైనికుడి భార్య, పిల్లలు, ఆస్పత్రి, బడి అన్నీ గోడ లోపలే. ఊళ్లోని డాక్టరు సమ్మె చేస్తే సైనికుడి ఇంటికి సెగ తగలదు. మూడోది డబ్బు. ఎంఈహెచ్ఎల్, ఎంఈసీ అని సైన్యానికి సొంత కంపెనీలున్నాయి: బీరు, బ్యాంకు, టెలికాం, రత్నాలు. సముద్రంలో తీసే గ్యాస్ పైపులో థాయిలాండ్‌కూ చైనాకూ వెళ్తుంది, డాలర్లు వస్తాయి. ఆ పైపు నడవడానికి యాంగాన్ గుమాస్తా హాజరు అవసరం లేదు. పన్నులతో, రైళ్లతో, గుమాస్తాలతో బతికే సర్కారుకు సమ్మె ఉరితాడు. మిన్ ఆంగ్ లైంగ్‌కి చిరాకు మాత్రమే.

నాలుగోది 2008 రాజ్యాంగం. పార్లమెంటులో నాలుగో వంతు సీట్లు సైన్యానివే. సవరణకు 75 శాతం దాటాలి కాబట్టి వాళ్లు ఒప్పుకోకుండా అక్షరం మారదు. హోం, రక్షణ, సరిహద్దు శాఖలు ముందునుంచీ వాళ్ల చేతిలోనే. పోలీసును కొత్తగా లొంగదీసుకునే పని కూడా పడలేదు.

ఉప్పల్_ప్రశ్న
సమఝైంది. అంటే సమ్మె ఎవరి పొట్ట మీద పడుతదో ముందుగాల చూడాలె.

తార్నాక_ఎకనామిక్స్
పొట్ట సంగతే ఇంకొంచెం. మన దగ్గర 2011 సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. సింగరేణి ఆగితే కరెంటు కోతలు పడ్డాయి, బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. అది ఎన్నికైన ప్రభుత్వం మీద చేసిన సమ్మె, ఉద్యోగం ఊడుతుందన్న భయం అంతగా లేదు. అయినా జీతం లేని నెల దాటేసరికి ఇళ్లలో ఎంత కటకటగా ఉండిందో ఇక్కడ చాలామందికి తెలుసు. మయన్మార్‌లో జీతం పోవడం మొదటి దెబ్బే. మార్చి 10న యాంగాన్‌లో రైల్వే క్వార్టర్ల మీద పడి సమ్మెలో ఉన్న కుటుంబాలను ఖాళీ చేయించారు. సర్కారీ క్వార్టర్‌లో ఉండి సమ్మె చేసేవాడి బలహీనత అదే: ఉద్యోగం, ఇల్లు ఒకే రోజు పోతాయి. సమ్మె నిధి, అద్దె ఇల్లు, బియ్యం ముందే చూసుకోకపోతే మూడో వారంలో జనం జారుకుంటారు.

బ్యాంకుల సమ్మె రెండువైపులా కోసింది. శాఖలు మూతపడ్డాయి, ఏటీఎంల దగ్గర తెల్లవారకముందే క్యూలు. కేంద్ర బ్యాంకు మార్చి నుంచి వ్యక్తులకు వారానికి 20 లక్షల చాట్‌లకు (అక్కడి కరెన్సీ) మించి తీయకూడదని పరిమితి పెట్టింది. ఖాతాలో ఉన్న డబ్బును నోట్లు చేసివ్వడానికి దళారులు కమీషన్ కోసుకునే వ్యాపారం పుట్టింది. సైన్యం సొంత బ్యాంకుకు తగలాల్సిన దెబ్బ కూలీల జీతాలకూ తగిలింది. ఆస్పత్రులదీ అదే గతి, జులైలో కోవిడ్ వచ్చిపడినప్పుడు పడకలు, ఆక్సిజన్ లేక జనం అల్లాడిపోయారు. అందుకే డాక్టర్లు చాలామంది బయట ఉచితంగా, చాటుగా వైద్యం చేశారు. విధులు మానేటప్పుడే ఈ రెండో ఏర్పాటు ఉండాలి.

సామాన్ల బహిష్కరణ మాత్రం గురిచూసి కొట్టింది. మయన్మార్ బీరును దుకాణాల షెల్ఫుల్లోంచే తీసేశారు. జపాన్ కిరిన్ కంపెనీ సైన్యంతో ఉన్న పొత్తు తెంచుకుంటామని ఫిబ్రవరి 5నే ప్రకటించింది. తాగేవాడు ఇంకో బ్రాండు తాగుతాడు, జీతం పోదు, క్వార్టర్ పోదు. ఎన్నాళ్లయినా నడపగలిగేది ఇలాంటిదే.

బాలానగర్_ఫ్రీక్వెన్సీ
మయన్మార్ నెట్ సంగతి వరస తప్పకుండా పెడతాను. ఫిబ్రవరి 4న ఫేస్‌బుక్, మర్నాడు ట్విటర్, ఇన్‌స్టాగ్రామ్ ఆపారు. 6న మొత్తం నెట్. 15 నుంచి రోజూ రాత్రి 1 నుంచి ఉదయం 9 దాకా కోత. మార్చి మధ్యలో మొబైల్ డేటా, ఏప్రిల్ 2 నుంచి వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్. పగలు ఎందుకు వదిలారు? బ్యాంకులు, ఎగుమతిదారులు నడవాలి. రాత్రి ఎందుకు కోశారు? అరెస్టులకు వచ్చేది రాత్రే, లైవ్ వీడియో బయటికి పోకూడదు.

ఆ రోజుల్లో చాలామంది నెట్ లేకుండా మెసేజీలు పంపే బ్రిడ్జిఫై యాప్ వేసుకున్నారు. అది బ్లూటూత్ మీద నడుస్తుంది, ఫోన్‌కీ ఫోన్‌కీ మధ్య వంద మీటర్ల లోపు ఉండాలి. జనం కిక్కిరిసినచోట సందేశం ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరికి దూకుతూ పోతుంది, వీధిలో పదిమందే ఉంటే అక్కడే చచ్చిపోతుంది. పైగా దాని భద్రతలో లోపాలున్నాయని పరిశోధకులు 2020లోనే బయటపెట్టారు. రహస్యాలకు వాడకూడదు. ఆపేసిన సైట్లను దొడ్డిదారిన తెరిచే వీపీఎన్ యాప్ కూడా కోత పడకముందే దించుకోవాలి. నెట్ మొత్తం పోతే వీపీఎన్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

సూడాన్ వాళ్లు ఈ విషయంలో గట్టివాళ్లు. 2021 అక్టోబరు 25న అధికారం లాక్కున్న సేనాధిపతి బుర్హాన్ నెట్ కోసినా, పేటకొకటి ఉన్న ప్రతిఘటన కమిటీలు కరపత్రాలు, మామూలు మెసేజీలు, మైకులతో నడిపించాయి. ఐదు రోజులకే, 30న, పెద్ద ఎత్తున ఊరేగింపులు తీశారు. ఆ కమిటీలు అప్పటికప్పుడు పుట్టినవి కావు, అంతకుముందు నియంత బషీర్ మీద పోరాటం నాటివి. నెట్ పోయాక సంఘం కట్టడం కుదరదు.

మెహదీపట్నం_లైన్
ఇప్పుడు దండలేసిన వాళ్ల సంగతి. పాకిస్తాన్‌లో 1999 అక్టోబరు 12న సైనికులు ప్రభుత్వ టీవీ పీటీవీ గేటెక్కి దూకారు, ముషారఫ్ వచ్చాడు. లాహోర్‌లో మిఠాయిలు పంచారు. అది ముషారఫ్ మీద ప్రేమ కాదు, దిగిపోయిన ప్రధాని షరీఫ్ మీద విసుగు. 2000 మేలో సుప్రీంకోర్టు అవసర సిద్ధాంతం (గత్యంతరం లేనప్పుడు చట్టం దాటినా చెల్లుతుందనే వాదన) కింద ఆమోదముద్ర వేసి మూడేళ్లు గడువిచ్చింది. 2007కల్లా అదే ముషారఫ్ మీద నల్లకోట్ల లాయర్లు రోడ్డెక్కారు.

గాబన్ 2023 ఇంకా విచిత్రం. ఆగస్టు 30 అర్ధరాత్రి దాటాక అధ్యక్షుడు అలీ బొంగో మళ్లీ గెలిచాడని ఫలితం చెప్పారు, అప్పటికే నెట్ బంద్, కర్ఫ్యూ. కాసేపటికే సైనికులు టీవీలో కనపడ్డారు, తర్వాత నెట్ తిరిగొచ్చింది. తండ్రీకొడుకుల పాలన యాభై ఏళ్లు దాటిన ఊళ్లో జనం డ్యాన్సు చేయకేం చేస్తారు? ఈజిప్టులో సైన్యం అధ్యక్షుడు మోర్సీని దించిన 2013 జులై 3న కైరో తహ్రీర్ కూడలిలో బాణసంచా. ఆగస్టు 14న అదే ఊళ్లోని రబా కూడలిలో మోర్సీ మద్దతుదారుల శిబిరం ఊడ్చేస్తే చనిపోయినవాళ్లు కనీసం 817 అని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క. మొదటి రోజు డ్యాన్సు చూసి ఎవరికి ఎంత మద్దతుందో చెప్పడం దండగ. ఆ రోజు బయటికొచ్చి నవ్వే హక్కు ఒక పక్షానికే ఉంటుంది. రెండోపక్షం తలుపులేసుకుని ఉంటుంది.

టోలీచౌకీ_ఫ్యాక్ట్
దానికి తోడు, ఫార్వర్డ్ అయ్యే వీడియోలో ఏం చూడాలో చెప్తా. మొదట పాత వీడియో కాదని తేల్చుకోండి, స్క్రీన్‌షాట్‌ను ఫొటో సెర్చ్‌లో వేస్తే చాలావరకు దొరికిపోతుంది. తర్వాత నీడలు: మధ్యాహ్నం జరిగిందన్న సభలో నీడలు బారుగా ఉండవు. జెండాలు కొత్త బట్టతో, ఒకే సైజులో, ఒకే కర్రలతో ఉంటే ఎవరో పంచారు. నైజర్ రాజధాని నియామేలో 2023 తిరుగుబాటు తర్వాత కనపడ్డ రష్యా జెండాల్లో కొన్ని స్థానిక దర్జీలే కుట్టారు, కాబట్టి జెండా ఉందంటే వెనక మాస్కో ఉందని కూడా తేల్చేయకండి. గుంపును దగ్గరగా తీస్తే ఎంతమందైనా లక్షమందిలా కనపడతారు. పైనుంచి తీసిన షాట్ లేని "జనసంద్రాన్ని" నమ్మొద్దు.

అంబర్‌పేట_కుర్సీ
ఇంత దూరం ఎందుకు? మన హైదరాబాదే 1948 సెప్టెంబరు నుంచి మిలిటరీ గవర్నర్ కింద ఉంది కదా. జనరల్ జె.ఎన్. చౌధురి 1949 చివరిదాకా ఉన్నాడు, 1950లో వెల్లోడి వచ్చాడు. అప్పటి జనం స్పందన గురించి...

మోడరేటర్
అది బయటి సైన్యం వచ్చి సంస్థానాన్ని కలిపిన సంగతి, సొంత సైన్యం సొంత ప్రభుత్వాన్ని పడగొట్టింది కాదు. పైగా ఆ చర్చ ఇక్కడ మొదలైతే వారం తెగదు. విడిగా థ్రెడ్ పెట్టుకోండి.

సైనిక్‌పురి_మ్యాప్
"మన దేశంలో ఎందుకు జరగలేదు" అని ఎలాగూ అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. మూడు దళాల మీద ఒక్కడుండే కమాండర్ ఇన్ చీఫ్ పదవిని తొలి ఏళ్లలోనే తీసేసి మూడు దళాలకూ సమానంగా చీఫ్‌లను పెట్టారు. ఆ పదవి ఉన్నవాడు ఉండిన తీన్‌మూర్తి భవనంలోకి నెహ్రూ మారాడు. సైన్యం చాలా కమాండ్లుగా చీలి ఉంది. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ రక్షణ శాఖ కింద కాదు, హోం శాఖ కింద ఉన్నాయి. ఒక్కడు ఫోన్ చేస్తే అంతా కదిలే ఏర్పాటు లేదు. 1975 ఎమర్జెన్సీని ఇందులో కలపకండి, అది ప్రధాని సలహా మీద రాష్ట్రపతి పెట్టింది, మంత్రివర్గం మర్నాడు ఆమోదించింది, సైన్యం చేసిన పని కాదు.

దక్షిణ కొరియా 2024 డిసెంబరు 3 కూడా ఆ కోవే, అధ్యక్షుడే మార్షల్ లా పెట్టాడు. అక్కడ జనం చేసిన పని చిన్నది, పదునైనది: అసెంబ్లీ గేట్ల దగ్గర గుమిగూడి సైనికులకు అడ్డం పడ్డారు. లోపల సిబ్బంది సోఫాలు అడ్డంపెట్టి, మంటలార్పే సిలిండర్లు చిమ్మారు. స్పీకర్ గోడ దూకి వెళ్లాడు. 190కి సున్నా ఓటుతో రద్దు తీర్మానం, తెల్లారేలోపు వెనక్కి తీసుకున్నాడు. ఎన్నుకున్నవాళ్లు ఓటేసే గదిదాకా చేరితే చట్టమే పనిచేస్తుంది. ఎటువైపు ఉండాలో తేల్చుకోలేని కెప్టెన్‌కి ఆ కాగితం చాలు.

కోఠీ_పాతపుస్తకాలు
మనవాళ్లున్న దేశం ఒకటి మిగిలింది: ఫిజీ. 1903 తర్వాత మద్రాసు నుంచి ఓడలెక్కిన గిర్మిట్ (ఒప్పంద) కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. 1987 మే 14న సైనికాధికారి రబూకా మనుషులు ముసుగులతో సువా పార్లమెంటులోకి వచ్చి, భారతీయుల మద్దతుతో నెగ్గిన బవాద్రా ప్రభుత్వాన్ని దించేశారు. చెరకు రైతులు కోత ఆపారు. అప్పట్లో దేశానికి ప్రధాన ఆదాయం అదే కాబట్టి దెబ్బ గట్టిదే, కానీ ముందు నష్టపోయేది రైతే. కోత ఆలస్యమైతే చెరకు ఎండుతుంది, అప్పు ఆగదు, భూమి కౌలుది, యజమాని స్థానిక తెగ. చివరికి కోశారు. తర్వాత వేలమంది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా వెళ్లిపోయారు. డాక్టర్లు, టీచర్లు, లెక్కలవాళ్లు. అది కూడా స్పందనే.

ఇంకోటి, రోహింగ్యా శరణార్థులు ఉండే హైదరాబాద్ బాలాపూర్ వైపువాళ్లకు ఆసక్తిగా ఉంటుంది. మయన్మార్‌లో సైన్యం వచ్చాక అక్కడి యువకులు చాలామంది రోహింగ్యాలకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు, 2021 జూన్ 3న సైన్యానికి పోటీగా ఏర్పడిన సమాంతర ప్రభుత్వం పౌరసత్వ హక్కు గుర్తిస్తామంది. 2017లో సైన్యం రోహింగ్యాలను తరిమేసినప్పుడు అదే పట్టణాల్లో దీనికి నోరు లేచినవాళ్లు కొద్దిమందే.

ఉప్పల్_ప్రశ్న
ఆఖరిది. అసొంటి దేశంల మనోళ్లు పనికి పోయి చిక్కుకుంటే ఇక్కడ ఇంట్లోళ్లు ఏం చేయాలె?

మలక్‌పేట_ట్రావెల్
నైజర్ ఉదాహరణ చూడండి. 2023 జులై 26న తిరుగుబాటు, ఆగస్టు 6న గగనతలం మూత, సెప్టెంబరు 4న తెరిచారు. ఆగస్టు 11న మన విదేశాంగ శాఖ అవసరం లేనివాళ్లు వెళ్లిపోండి అంది, అప్పటికి విమానం లేదు, రోడ్డే దిక్కు. మాలి, బుర్కినా ఫాసో, అల్జీరియా, లిబియా, చాద్ వైపు సరిహద్దులు తెరిచారు. జనం ఎక్కువగా వాడే బెనిన్, నైజీరియా దారులు మూతే. నైజీరియా కరెంటు ఆపేయడంతో ఫోన్ చార్జింగ్ కూడా కష్టమైంది.

కాబట్టి వెళ్లేవాళ్లు ఎక్కేముందే చేయాల్సినవి: రాయబార కార్యాలయం సైట్‌లో పేరు, స్థానిక నంబరు నమోదు, పాస్‌పోర్టు, వీసా ప్రింటు నకలు ఇంట్లో ఒకటి, కనీసం రెండు వారాల ఖర్చు చేతిలో నోట్లుగా, సగం స్థానిక కరెన్సీ. కార్డు పనిచేయదనే అనుకోవాలి. కంపెనీ పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుంటానంటే ఒప్పుకోవద్దు. కర్ఫ్యూ మొదటి రెండ్రోజులు ఎయిర్‌పోర్టుకు పరుగెత్తకూడదు, చెక్‌పోస్టుల్లో కుర్ర సైనికులు బెదిరి ఉంటారు. ఊరేగింపు ఏ పక్షానిదైనా ఫొటో తీయొద్దు. ఇక్కడి ఇంట్లోవాళ్లు రోజుకు ఒక వేళ పెట్టుకుని ఆ వేళకే ఫోన్ చేయాలి, గంటకోసారి చేస్తే అక్కడ బ్యాటరీ అయిపోతుంది.

చాలామంది మరిచేది ఎల్లో ఫీవర్ కార్డు. పక్కదేశం సరిహద్దులో అడుగుతారు, అది లేకుండా ఆ దేశాల నుంచి ఇక్కడ దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో టీకా వేస్తారు, పాస్‌పోర్టు తీసుకెళ్లాలి. సూది వేసిన పది రోజులకు గానీ కార్డు చెల్లదు, కాబట్టి టికెట్ తేదీకి పది రోజులు ముందే పని పూర్తి చేసుకోండి.